మ్యాచ్ గెలుస్తారు సరే, జాబితాలో ఉంటారా?



పోయినసారి హాస్టల్ మెస్ గురించి రాస్తే చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు, "సార్, ఆటల గురించి కూడా రాయండి" అని. రాయాల్సిన సమయం కూడా ఇదే. ఇంటర్ కాలేజీ కబడ్డీ పోటీలు దగ్గరపడ్డాయి. నేను పాఠం చెప్పే కాలేజీ మగపిల్లల జట్టు పోయినేడు గెలిచింది. ఈ ఏడు కూడా అందరూ దాన్నే నంబర్ వన్ అంటున్నారు. ఎదురుగా నిలబడేది మిర్యాలగూడ జట్టు. పదిహేను రోజులుగా సూర్యాపేటలోని మా కాలేజీలో వేరే మాట లేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఎన్నడూ గ్రౌండ్ వైపు కన్నెత్తి చూడని లెక్చరర్లు కూడా స్టాఫ్ రూంలో "ఈసారి మిర్యాలగూడోళ్లను మట్టి కరిపించాలె" అంటున్నారు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ మ్యాచ్ ఎవరు గెలిచినా మన పిల్లల బతుకులో పెద్దగా మారేదేమీ లేదు. మారితే మారేది పోటీలు అయిపోయాక తయారయ్యే యూనివర్సిటీ జట్టు జాబితాతో. కాలేజీ మొత్తం మొదటిదాని కోసం ఊగిపోతోంది. రెండోదాని గురించి పిల్లలకు చెప్పేవాడు లేడు. ఎందుకు చెప్పరు అన్నదే ఈ పోస్టు.

మా జట్టులో పన్నెండు మంది. ఏడుగురు మాదిగ, మాల వాడల నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరు తండా పిల్లలు, ఇద్దరు బీసీలు, ఒకరు ఓసీ. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

లెఫ్ట్ కార్నర్ ఆడే పిల్లగాడిది కోదాడ అవతల ఊరు. మునగాల మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకు, బస్‌పాస్ మీద వస్తాడు. పొద్దున ఐదున్నరకు ప్రాక్టీస్ అంటే రాత్రే వచ్చి పేటలో దోస్తు గదిలో పడుకోవాలి. పెళ్లిళ్ల రోజుల్లో క్యాటరింగ్‌కు పోతాడు. అర్ధరాత్రి దాకా ఫంక్షన్ హాల్లో వడ్డించి, తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉంటాడు. వాడి చేతిలో చిక్కిన చీలమండ వదిలించుకొని పోయిన రైడర్‌ను నేను ఎక్కువసార్లు చూడలేదు.

ప్రాక్టీస్ మట్టి మీద. మ్యాచ్ మ్యాట్ మీద. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మట్టిలో కాలు కొంచెం జారుతుంది, ఒళ్లు ఆ జారుడుకు అలవాటు పడుతుంది. మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టేస్తుంది. అదే వేగంతో అదే మలుపు తిరిగితే పాదం అక్కడే ఉంటుంది, మోకాలు తిరిగిపోతుంది. పోయినేడు మా రైడర్ ఒకడు సెమీఫైనల్లో అలాగే పడ్డాడు. డాక్టర్ ఎమ్మారై రాశాడు. ఆ డబ్బులు వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో తెచ్చింది. ఏటా అందరి దగ్గరా గేమ్స్ ఫీజు వసూలు చేసే కాలేజీకి ఒక పాత మ్యాట్ కొనే ఆలోచన రాలేదు గానీ, ఫ్లెక్సీ కట్టే ఆలోచన వచ్చింది.

మిర్యాలగూడ మెయిన్ రైడర్ గురించి మావాళ్లు మాట్లాడుకుంటుంటే వినాలి. రెండుసార్లు ఊరికే కూతకొచ్చి ఎవరినీ ముట్టకుండా పోతాడట. మూడోసారి డూ ఆర్ డై అయ్యాక గానీ అసలు ఆట తియ్యడట. ఇద్దరు చేతులు కలిపి చైన్ కట్టి మీదికి పోతే డుబ్కీ కొట్టి కింద నుంచి జారిపోతాడట. అందుకే ఈ పదిహేను రోజులూ మావాళ్లు చైన్ తగ్గించి, కార్నర్ నుంచి కాలు పట్టడం మీద పడ్డారు. ఇంత సంగతి ఎట్ల తెలుసురా అని అడిగితే లెఫ్ట్ కార్నర్ నవ్వాడు. "వాడు మా మేనత్త కొడుకు సార్. నాకు బావ అయితడు. వాని కాలు నాకెరుక."

మేనత్త ఊరు నేరేడుచర్ల దగ్గర. సెలవులకు పోయినప్పుడల్లా ఇద్దరూ ఒకే వాడలో, ఒకే గీత మీద ఆడి పెరిగారు. సంక్రాంతి టోర్నమెంట్లకు, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి పోటీలకు ఒకే జట్టుగా పోయారు. ఇప్పుడు ఒకడి మీద మిర్యాలగూడ అని రాసుంది, ఇంకొకడి మీద సూర్యాపేట అని రాసుంది. మట్టి కరిపించమని స్టాఫ్ రూంలో అంటున్నది ఆ బావనే.

మిర్యాలగూడ అంటే వ్యాపారులకు రైస్ మిల్లులు. మనకు 2018 సెప్టెంబర్ 14. పెరుమాళ్ల ప్రణయ్‌ను ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగా నరికిన రోజు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఊరి మీద కసి ఉంటే అది ఆ పని చేయించిన కులగర్వం మీద ఉండాలి. అక్కడి మన పిల్లల మోకాళ్ల మీద కాదు. అయినా పేటలో ఆ గర్వం తక్కువా? ఊరికి ఊరికి మధ్య పౌరుషం రగిలించడం మేనేజ్‌మెంట్లకు తేలిక. రెండు జట్లలోనూ ఒకే వాడల పిల్లలున్నారని ఒప్పుకుంటే మిగతా ప్రశ్నలు కూడా మొదలవుతాయి.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కదా, పోలికలు ఊరికే తోస్తాయి. కబడ్డీలో అంటుకుంటే పాయింట్. అంటించుకున్నవాడు గీత బయట కూర్చోవాలి. అంటు చుట్టూ ఊరికి ఊరే కట్టుకున్న దేశంలో ఈ ఆట పుట్టడం గురించి ఒక వ్యాసం రాయొచ్చు, సెమినార్‌లో చదవొచ్చు, చప్పట్లు కొట్టించుకోవచ్చు. మా లెఫ్ట్ కార్నర్‌కు దాంతో ఒక గుడ్డు కూడా రాదు. కాబట్టి పోలిక అక్కడ వదిలేస్తున్నా.

కెప్టెన్ సంగతికి వస్తాను. మా జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చేది ఒక మాదిగ పిల్లగాడు. మూడేళ్లుగా ఆడుతున్నాడు. కెప్టెన్ మాత్రం ఆ ఒక్క ఓసీ అబ్బాయి. అబ్బాయి మంచివాడే, ఆట కూడా వచ్చు, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. "మరి వీడెందుకు కాదు?" అని అడిగితే నాకు దొరికిన జవాబు, "వాడు మాట్లాడలేడు సార్" అని. మ్యాచ్‌లో రిఫరీతో మాట్లాడేది కెప్టెన్. ప్రిన్సిపాల్ గదిలోకి పోయి బూట్లు కావాలని అడిగేది కెప్టెన్. పేపర్లో ఫొటో కెప్టెన్‌ది. మాట్లాడే పని ఇవ్వకుండా మాట్లాడలేడంటే ఎట్లా?

ఈ మాట వందేళ్ల కిందటిదే. పల్వంకర్ బాలూ పేరు మీలో కొందరు విని ఉంటారు. చమార్ కులంలో పుట్టి, పూనాలో ఇంగ్లీషువాళ్ల క్లబ్‌లో పిచ్ చూసుకునే కూలీగా చేరి, నెట్స్‌లో వాళ్లకు బంతులు వేస్తూ బౌలర్ అయినవాడు. పూనా హిందూ క్లబ్ వాళ్లకు అతని బౌలింగ్ కావాలి. మైదానంలో అతను ముట్టుకున్న బంతినే వాళ్లూ ముట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో చాయ్ పోశారు. 1911లో ఇంగ్లండ్ పోయిన భారత జట్టు తరఫున 114 వికెట్లు తీశాడు. అంతటివాణ్ణి హిందూ జట్టుకు ఎన్నడూ కెప్టెన్ చేయలేదు. ఎంతో పోరు జరిగాక 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కింది. యువకుడిగా అంబేడ్కర్ మెచ్చిన ఆటగాడు బాలూ. అదే బాలూను 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ అంబేడ్కర్ మీదే నిలబెట్టింది. బాలూ ఓడిపోయాడు. మన ప్రతిభను మన మీదకే వదలడం వాళ్లకు కొత్త కాదు. ఇది వేరే పోస్టుకు పనికొచ్చే కథ, ఇంకోసారి రాస్తాను.

మా పిల్లల మీద ఇంకో నింద ఉంది. ఊళ్లలో ప్రైజ్ మనీ టోర్నమెంట్లు ఆడతారని. "వీళ్లు డబ్బుల కోసం ఆడతరు, కాలేజీ మీద ప్రేమ లేదు" అని ఒక పెద్దమనిషి నా ముందే అన్నాడు. ఆ మాట వినగానే నాకు లాక్రోస్ గుర్తొచ్చింది. మనం ఎన్నడూ ఆడని ఆట. పొడుగు కర్ర చివర వల కట్టి, ఆ వలతో బంతిని పట్టి విసురుతారు. అమెరికా, కెనడా కాలేజీల్లో ఇప్పుడు బాగా డబ్బున్న పిల్లల ఆటగా పేరు. కానీ అది అక్కడి మూలవాసులది. హోదినోషోనీ ప్రజలకు అది ఆటే కాదు, సృష్టికర్త ఇచ్చిన మందు. 1867లో మాంట్రియల్‌లో బీర్స్ అనే తెల్ల డెంటిస్టు దానికి నియమాలు రాశాడు. 1880లో కెనడా లాక్రోస్ సంఘం మూలవాసులను ఛాంపియన్‌షిప్ నుంచే బయటికి పంపింది. కారణం ఏం చెప్పారో తెలుసా? వాళ్లు డబ్బులు తీసుకొని ఆడతారు, కాబట్టి అమెచ్యూర్లు కారు అని. రైలు ఛార్జీలు పెట్టుకునే స్తోమత లేనివాడు డబ్బులు తీసుకోక ఏం చేస్తాడు? ఇంట్లో ఆస్తి ఉన్నవాడిది ఆట మీద ప్రేమ, లేనివాడిది డబ్బు మీద ఆశ. నిబంధన రాసినవాళ్లు కులం అనలేదు, జాతి అనలేదు. "అమెచ్యూర్" అన్నారు. 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ మళ్లీ వస్తోంది. ఆ ఆట పుట్టించినవాళ్లు తమ జెండా కింద ఆడనివ్వమని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అదే ఆటలో నంబర్ వన్ కథ ఒకటుంది, మా గేటు దగ్గరి ఫ్లెక్సీ చూసినప్పుడల్లా అదీ గుర్తొస్తుంది. బాల్టిమోర్‌లో మోర్గన్ స్టేట్ అనే నల్లవాళ్ల యూనివర్సిటీ 1970లో లాక్రోస్ జట్టు పెట్టింది. ఆడేవాళ్ల దగ్గర ఉన్న సామాను చాలావరకు వేరేవాళ్లు వాడి వదిలేసింది. 1975 మార్చిలో ఆ జట్టు వర్జీనియాకు పోయి వాషింగ్టన్ అండ్ లీ జట్టుతో ఆడింది. ఆ పేరులోని లీ ఎవరో కాదు, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యాధిపతి రాబర్ట్ లీ. ఆ కాలేజీ అప్పుడు దేశంలో నంబర్ వన్. సొంత మైదానంలో వరసగా ఇరవై ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఉంది. మోర్గన్ స్టేట్ 8-7తో గెలిచింది.

ఇంతవరకు చెప్పి ఆపితే గొప్ప ప్రేరణ కథ. మోటివేషన్ స్పీకర్లు ఇక్కడే ఆపుతారు. తర్వాత జరిగింది కూడా వినండి. 1981కల్లా యూనివర్సిటీ ఆ జట్టును ఎత్తేసింది. నంబర్ వన్‌ను ఓడించినంత మాత్రాన జట్టు నిలబడలేదు. జట్టు నిలబడేది బడ్జెట్ కాగితం మీద. ఆటగాడు నిలబడేది చేతిలో ఉన్న సర్టిఫికెట్ మీద.

ఇప్పుడు ఆ కాగితాల సంగతి. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి తమ్ముళ్లూ.

కేంద్ర ప్రభుత్వ శాఖలు స్పోర్ట్స్ కోటా కింద గ్రూప్ సి ఉద్యోగాలిచ్చేటప్పుడు నాలుగు రకాల ఫారాలు చూస్తాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం 3. రాష్ట్ర స్కూల్ జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం 4. ఇందులో ఇంటర్ కాలేజీ అనే మాటే లేదు. అంటే మీరు మిర్యాలగూడను పదేళ్లు వరసగా ఓడించినా ఆ కప్పుకు అక్కడ విలువ సున్నా. అదే పోటీల్లో మీ ఆట చూసి యూనివర్సిటీ జట్టుకు తీసుకుంటే, మీరు సౌత్ జోన్ ఆడితే, అప్పుడు ఫారం 3 వస్తుంది. దాని మీద యూనివర్సిటీలో ఆటల బాధ్యత చూసే డైరెక్టర్ లాంటి అధికారి సంతకం ఉండాలి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం చెల్లదు, పీడీ సంతకం చెల్లదు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. అక్కడ కూడా ఇలాంటి ఫారాలే అడుగుతారు. రైల్వేలు ఇంకో మెట్టు పైకి పోతాయి, ఆడటమే కాదు, స్థానం కూడా రావాలంటాయి.

నాకు తెలిసిన ఒక సీనియర్ యూనివర్సిటీకి ఆడాడు. అతని దగ్గర రంగుల అంచుతో, బంగారు ముద్రతో పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఉంది. ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకున్నాడు. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడ్డప్పుడు అప్లై చేస్తే ఫారం 3 ఏదన్నారు. అలాంటిది ఒకటుంటుందని అతనికి ఆ రోజే తెలిసింది. మళ్లీ పోయి తెచ్చుకునేలోపు గడువు దాటింది. ఇప్పుడు పేటలో డెలివరీ బాయ్. ఇది ఎవరి తప్పని నేను వేలు చూపను. కానీ అగ్రకులాల ఇళ్లలో ఈ సమాచారం అన్నం దగ్గర దొరుకుతుంది. బాబాయో, మామయ్యో ఏదో ఒక ఆఫీసులో ఉంటాడు, ఫలానా కాగితం తీసుకోరా అంటాడు. మన ఇళ్లలో ఆ బాబాయి లేడు. అందుకే ఈ పోస్టు ఇంత పొడుగైంది.

రెండో ఉరి హాజరు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. పొద్దున ఐదున్నరకు ప్రాక్టీస్ చేసి తొమ్మిదిన్నర క్లాసులో నిద్రపోయేవాడికి, సాయంత్రం ప్రాక్టీస్ కోసం చివరి పీరియడ్ వదిలేసేవాడికి ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుంది? మ్యాచ్ రోజులకు ఓడీ వేస్తారు. ప్రాక్టీస్ రోజులకు వెయ్యరు. స్కాలర్‌షిప్ ఆగితే ఫీజు బాకీ. ఫీజు బాకీ ఉంటే టీసీ, మెమోలు కాలేజీ బీరువాలో. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం ఏళ్లకేళ్లు పేరబెడుతుంటే, ఆ భారం చివరికి వచ్చి పడేది ఈ పిల్లల సర్టిఫికెట్ల మీదే. కాలేజీకి కప్పు తెచ్చినవాడు అదే కాలేజీ ఆఫీసు కిటికీ ముందు తన టెన్త్ మెమో కోసం నిలబడటం నేను చూశాను.

మనవాళ్లకు చేతకాక కాదు. మా జట్టులో నలుగురు సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వచ్చినవాళ్లే. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కింది ఆ గురుకులాల నుంచే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని చదివింది అక్కడే, వాళ్ల నాన్న చాయ్ అమ్మేవాడు. వేళకు తిండి, ఒక కోచ్, పడుకోవడానికి చోటు. ఇవి ఉన్నన్ని రోజులు మన పిల్లలు ఎక్కడికైనా ఎక్కారు. ఇంటర్ అయిపోగానే అవన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. డిగ్రీలో చేరిన నెలకే మా రైడర్ నాలుగు కిలోలు తగ్గాడు. మ్యాచ్‌కు వారం ముందు రెండు అరటిపళ్లు, రెండు గుడ్లు పెట్టి అది డైట్ అంటున్నారు. మిగతా యాభై ఒక్క వారాల సంగతి ఎవరూ అడగరు. టీవీలో ప్రో కబడ్డీ చూసి, 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నదని చెప్పుకొని మురిసిపోతారు ఈ పిల్లలు. ఆ వేలం దాకా పోయే దారిలో మొదటి మెట్టు రోజుకు ఒక గ్లాసు పాలు.

కబడ్డీ అంటే పేటకు ప్రాణం, కాదనను. 2021 మార్చి 22న 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు మన సూర్యాపేటలో మొదలైన రోజు ఎంత జనం వచ్చారో గుర్తుందా? అదే రోజు తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆట చూడటానికి వచ్చినవాడి బరువును కూడా లెక్కేయని ఏర్పాటు అది. ఆడేవాడి మోకాలిని లెక్కేస్తారా? ఇంటర్ కాలేజీ ఆడే పిల్లలకు కనీసం ప్రమాద బీమా ఉందా అని మా ఆఫీసులో అడిగాను. ఫైలు చూసి చెప్తామన్నారు. ఇంకా చూస్తున్నారు.

విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక మాట. ఈసారి వినతిపత్రం రాసేటప్పుడు స్టేడియం కావాలని రాయకండి, అది పదేళ్లకు గానీ రాదు. ప్రాక్టీస్ రోజులకు హాజరు వెయ్యాలని రాయండి. గేమ్స్ ఫీజు ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో నోటీసు బోర్డు మీద పెట్టాలని రాయండి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు దరఖాస్తు మీరే పెట్టొచ్చు, పది రూపాయలు. కెప్టెన్‌ను జట్టే ఎన్నుకోవాలని రాయండి. ఈ ఒక్క మాటకు ఎంత గొడవ అవుతుందో మీరే చూస్తారు. అమ్మాయిల జట్టుకు పొద్దున గ్రౌండ్‌లో వేళ కేటాయించాలని కూడా రాయండి. ఇప్పుడు వాళ్లకు దొరికేది అబ్బాయిలు వదిలేసిన ఎర్రటి ఎండ.

ఆడే తమ్ముళ్లకు. సెలక్షన్‌కు పోయే రోజు ఆధార్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ఆరు ఫొటోలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని పోండి. ఒరిజినల్ ఎవరికీ వదిలిపెట్టి రాకండి, చూపించి వెనక్కి తీసుకోండి. వయసు 25 దాటితే ఇంటర్ యూనివర్సిటీ ఆడనివ్వరు, కాబట్టి వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకండి. జాబితా చదివేటప్పుడు మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాశారా చూసుకోండి. సౌత్ జోన్ నుంచి దిగిన వారంలోపే ఫారం 3 అడగండి. ఇవ్వకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఇద్దరం కలిసి పోదాం.

మ్యాచ్ రోజు నేను గ్రౌండ్‌లోనే ఉంటాను, మా కాలేజీ వైపే అరుస్తాను. ఈ పోస్టు మాత్రం మిర్యాలగూడలో ఉన్న బావకు కూడా పంపమని లెఫ్ట్ కార్నర్‌కు చెప్పాను. మ్యాచ్ అయ్యాక కాదు, ఇయ్యాలే.